టెక్సస్ హైస్కూల్ డిప్లొమా: చదువు మధ్యలో వచ్చిన మన పిల్లలకు ఏ దారి మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. "మా బాబు టెన్త్ రాశాడు, జూన్‌లో వస్తున్నాడు, ఇక్కడ టెన్త్‌లో వేయాలా ఎలెవెన్త్‌లోనా?" "పాపకి ఇంటర్ ఫస్టియర్ అయింది, జీఈడీ రాయించేసి కాలేజీలో చేర్చేయొచ్చా?" "ఏ డిప్లొమా అయినా డిప్లొమానే కదా?" జవాబులు కూడా తలా ఒకటి వస్తాయి. ఎవరి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) జరిగింది వాళ్లు చెబుతారు, అది మన డిస్ట్రిక్ట్‌కు పనికిరాకపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలకు ఇక్కడ కనీసం రెండేళ్లు హైస్కూలు దొరికే వీలుంటే డిస్టింగ్విష్డ్ లెవెల్ అనే పై అంచె డిప్లొమాకే గురిపెట్టండి. ఒక్క ఏడాదే ఉన్నా ఆల్జీబ్రా 2 (హైస్కూల్ బీజగణితంలో రెండో కోర్సు) మాత్రం వదలొద్దు. మామూలు స్కూల్లో చేరే అవకాశం ఉన్నంతవరకూ జీఈడీ (బడికి వెళ్లకుండా పరీక్ష రాసి తెచ్చుకునే హైస్కూల్ సమాన సర్టిఫికెట్) జోలికి వెళ్లొద్దు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఒకే డిప్లొమా, మూడు అంచెలు

టెక్సస్‌లో ఇప్పుడున్న పద్ధతిని 2013లో హౌస్ బిల్ 5 అనే చట్టంతో తెచ్చారు. 2014-15లో తొమ్మిదో తరగతిలో చేరినవాళ్ల నుంచి అందరికీ ఇదే. పేరు ఫౌండేషన్ హైస్కూల్ ప్రోగ్రామ్.

కింది అంచెకు 22 క్రెడిట్లు కావాలి. ఇంగ్లిష్ 4, మ్యాథ్స్ 3, సైన్స్ 3, సోషల్ 3, ఇంగ్లిష్ కాని భాష 2, పీఈ (వ్యాయామ విద్య) 1, ఫైన్ ఆర్ట్స్ 1, మిగతా 5 ఎలెక్టివ్‌లు (ఇష్టాన్నిబట్టి ఎంచుకునే సబ్జెక్టులు). ఏడాది పొడవునా ఒక సబ్జెక్టు చదివి పాసైతే 1 క్రెడిట్, ఒక సెమిస్టర్‌కు అర.

దాని పైది ఎండార్స్‌మెంట్‌తో వచ్చే డిప్లొమా. మొత్తం 26 క్రెడిట్లు. మ్యాథ్స్, సైన్స్ నాలుగేసి అవుతాయి, ఎలెక్టివ్‌లు రెండు పెరుగుతాయి. ఎండార్స్‌మెంట్ అంటే మన ఇంటర్ గ్రూపులాంటిదే అనుకోవచ్చు, అంత బిగుతుగా మాత్రం ఉండదు. ఇవి ఐదు: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ స్టడీస్.

అన్నిటికన్నా పైది డిస్టింగ్విష్డ్ లెవెల్ ఆఫ్ అచీవ్‌మెంట్. నాలుగు మ్యాథ్స్ క్రెడిట్లలో ఆల్జీబ్రా 2 తప్పనిసరిగా ఉండాలి, సైన్స్ 4 ఉండాలి, కనీసం ఒక ఎండార్స్‌మెంట్ ఉండాలి. రెండో అంచెకూ దీనికీ మధ్య పెద్ద తేడా ఏమీ లేదని గమనించండి. చాలామంది పిల్లల విషయంలో ఆ తేడా ఒక్క ఆల్జీబ్రా 2 మాత్రమే.

ఆ ఒక్క సబ్జెక్టుకు ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో తమ హైస్కూల్ బ్యాచ్‌లో టాప్ 10 శాతంలో నిలిచిన విద్యార్థులకు ఆటోమేటిక్ అడ్మిషన్ ఇచ్చే చట్టం 1997 నుంచి ఉంది. పబ్లిక్ స్కూలు పిల్లలకు ర్యాంకు ఒక్కటీ ఉంటే సరిపోదు, మామూలుగా డిస్టింగ్విష్డ్ లెవెల్ కూడా ఉండాలి. క్లాసులో ముందు వరసలో నిలిచిన పిల్లవాడైనా ఆల్జీబ్రా 2 లేకపోతే ఆ హక్కు పోవచ్చు. యూటీ ఆస్టిన్‌కు (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) చట్టమే వేరే పరిమితి ఇచ్చింది. చాలాకాలం టాప్ 6 శాతం వరకు తీసుకున్న ఆ యూనివర్సిటీ 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించింది. మనవాళ్లు తరచూ పొరబడే చోటు ఇంకొకటుంది. ఆటోమేటిక్ అడ్మిషన్ యూనివర్సిటీలో సీటుకే హామీ ఇస్తుంది, కంప్యూటర్ సైన్స్ సీటుకో ఇంజనీరింగ్ సీటుకో ఇవ్వదు. బ్రాంచి కోసం పోటీ మళ్లీ వేరే.

తొమ్మిదో తరగతిలో చేరేటప్పుడే ఏ ఎండార్స్‌మెంటో రాసివ్వాలి. తర్వాత మార్చుకోవచ్చు. పదో తరగతి అయ్యాక, కౌన్సెలర్‌తో మాట్లాడి తల్లిదండ్రులు సంతకం పెడితే ఎండార్స్‌మెంట్ లేకుండా 22 క్రెడిట్లతోనూ బయటపడొచ్చు. ఆ కాగితం మీ ముందు పెట్టినప్పుడు తొందరపడి సంతకం చేయొద్దు. "బాబుకి లోడ్ తగ్గుతుంది" అని చెబుతారు, నిజంగానే తగ్గుతుంది. పన్నెండో తరగతిలో మనసు మార్చుకుందామంటే మాత్రం సమయం ఉండదు. ఆరోగ్య సమస్యో, భాష అస్సలు అందకపోవడమో, కుటుంబంలో పెద్ద ఇబ్బందో ఉంటే 22 క్రెడిట్ల డిప్లొమాను తక్కువగా చూడక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీకి దానితోనే వెళ్లొచ్చు, అక్కడి నుంచి యూనివర్సిటీకి మారొచ్చు.

అసలు లెక్కంతా ఇండియా క్రెడిట్ల దగ్గరే

ఒక ఉదాహరణ వేసుకుందాం. అమ్మాయి గుంటూరులో పదో తరగతి పాసై జూన్‌లో వచ్చింది, ఆగస్టులో స్కూలు. చేరబోయే స్కూల్లో రోజుకు 7 పీరియడ్లు. అంటే ఏడాదికి 7 క్రెడిట్లు, పదకొండు, పన్నెండు కలిపి 14. పై అంచెకు 26 కావాలి. మిగతా 12 ఇండియాలో చదివిన తొమ్మిది, పది తరగతుల నుంచే రావాలి. అవి 8 మాత్రమే వచ్చాయనుకోండి, 14తో కలిపి 22 అవుతాయి. కింది అంచె డిప్లొమాయే దిక్కు, లేదంటే వేసవి తరగతులు చదవాలి. అంటే పిల్ల ఇక్కడ ఎంత కష్టపడి చదివినా, ఏ అంచె అందుతుందో చేరేరోజు ఆఫీసు గదిలోనే సగం తేలిపోతుంది.

12 రావడం కష్టమేమీ కాదు. రెండేళ్ల తెలుగు 2, హిందీ 2, ఇంగ్లిష్ 2, లెక్కలు 2, సైన్స్ 2, సోషల్ 2. అక్కడికే 12. ఫిజికల్ సైన్స్, బయాలజీ వేర్వేరుగా లెక్కించే డిస్ట్రిక్ట్ అయితే ఇంకా ఎక్కువ. కాకపోతే ఇవి కౌన్సెలర్‌కు తమంతట తాముగా కనిపించవు. మన మార్క్స్ మెమోలో ఆరు సబ్జెక్టుల పేర్లు, ఎదురుగా మార్కులో గ్రేడ్లో ఉంటాయి, అంతే. వారానికి ఎన్ని పీరియడ్లో ఉండదు. తొమ్మిదో తరగతి ఊసే ఉండదు. ఆటలు, డ్రాయింగ్ అందులోకి రానే రావు.

అందుకే బయల్దేరే ముందు స్కూల్లో హెచ్‌ఎం గారిని కలిసి టీసీతోపాటు మరో రెండు కాగితాలు అడగండి. ఒకటి తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు, స్టాంపుతో. రెండోది స్కూలు లెటర్‌హెడ్ మీద రెండేళ్ల సబ్జెక్టుల జాబితా, ఒక్కోదానికి వారానికి ఎన్ని పీరియడ్లు, పీరియడ్ ఎన్ని నిమిషాలు, ఏయే గ్రేడ్లు అని. అందులో పీఈటీ పీరియడ్, డ్రాయింగ్ లేదా సంగీతం పీరియడ్ నిజంగా జరిగి ఉంటే అవీ రాయించండి. ఆ రెండు లైన్ల వల్ల పీఈ 1, ఫైన్ ఆర్ట్స్ 1 వచ్చే అవకాశం ఉంది. రెండు క్రెడిట్లంటే పన్నెండో తరగతిలో రెండు పీరియడ్లు ఖాళీ అయినట్టు. కవర్ సీల్ చేసి పైన సంతకం పెట్టించుకుంటే ఇంకా మంచిది. అమెరికా వచ్చాక ఇవన్నీ బావగారికో మేనమామకో ఫోన్ చేసి తెప్పించుకోవడం ఎంత ప్రయాసో అనుభవించినవాళ్లకు తెలుసు. వేసవి సెలవుల్లో అక్కడ స్కూలు ఆఫీసు తెరిచే ఉంటుందన్న నమ్మకం కూడా లేదు.

విదేశీ చదువుకు ఎన్ని క్రెడిట్లు ఇవ్వాలన్నది డిస్ట్రిక్ట్ పాలసీ చేతిలో ఉంటుంది. కొన్ని సొంతంగా లెక్కిస్తాయి, కొన్ని బయటి సంస్థతో మూల్యాంకనం చేయించుకు రమ్మంటాయి. కాబట్టి డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఒకరికి వచ్చిన లెక్క హ్యూస్టన్ దగ్గర కేటీలో మీకు రాకపోవచ్చు. చేయాల్సింది ఒకటే. చేరిన మొదటి వారాల్లోనే ఏ సబ్జెక్టుకు ఏ కోర్సు పేరుతో ఎంత క్రెడిట్ ఇచ్చారో కాగితం మీద తీసుకోండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. లెక్క తక్కువగా తోస్తే అప్పుడే మర్యాదగా మళ్లీ చూడమని అడగండి. చాలామంది కౌన్సెలర్లు మనవైపే ఉంటారు, కాకపోతే మన ఎస్సెస్సీ ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు. చూపించాల్సింది మనం.

తెలుగు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లిష్ కాని భాషకు 2 క్రెడిట్లు కావాలి కదా, స్పానిష్ కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. పదేళ్లు తెలుగు మీడియంలోనో, ఒక సబ్జెక్టుగానో చదివిన పిల్లలకు ఆ క్రెడిట్ ఇండియా రికార్డుల మీదే రావచ్చు. అలా రాకపోతే క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే పద్ధతి ఉంది. ముందు ఆ కోర్సు చదవకుండా పరీక్ష రాస్తే 80 శాతం, చదివి ఉంటే 70 శాతం తెచ్చుకోవాలి. తెలుగుకు అవాంట్ స్టాంప్ అనే భాషా పరీక్ష ఉంది, దాన్ని మీ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటుందేమో అడగండి. ఇక్కడే పుట్టి పెరిగి, ఇంట్లో మాట్లాడుతూ వారాంతపు తెలుగు బడికి వెళ్లే పిల్లలకూ ఇది మంచి దారి. రాయడం దగ్గరే తడబడతారు, ఆరు నెలల ముందు నుంచి రోజుకో పేరా రాయించాలి.

హిందీ కూడా రెండేళ్లు చదివి ఉంటే ఇంకో అవకాశం ఉంది. ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్ ఎండార్స్‌మెంట్‌కు ఉన్న మార్గాల్లో, ఒక భాషలో రెండు లెవెళ్లు, ఇంకో భాషలో రెండు లెవెళ్లు పూర్తిచేయడం ఒకటి. డిస్ట్రిక్ట్ తెలుగుకూ హిందీకీ లెవెళ్ల వారీగా క్రెడిట్ ఇస్తే, నాలుగేసి మ్యాథ్స్, సైన్స్ ఎలాగూ చదువుతారు కాబట్టి, ఆలస్యంగా వచ్చిన పిల్లలకు డిస్టింగ్విష్డ్ లెవెల్ అందుకోవడానికి ఇదే దగ్గరి దారి కావచ్చు. మనవాళ్లలో దీన్ని అడిగేవాళ్లు తక్కువ. అందరికీ స్టెమే కావాలి. స్టెమ్‌లో ఏ మార్గం తీసుకున్నా ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, ఫిజిక్స్ మూడూ ఉండాలి, పైగా ఆ మార్గానికి సంబంధించిన కోర్సుల వరస ఉండాలి. రెండేళ్లలో అది కుదరొచ్చు, కాలేజీకి మాత్రం ఎండార్స్‌మెంట్ పేరు కన్నా ఏ కోర్సులు చదివారన్నదే ముఖ్యం. ఆర్ట్స్ ఎండార్స్‌మెంట్ తీసుకుని క్యాలిక్యులస్, ఫిజిక్స్ చదివిన పిల్లలు ఇంజనీరింగ్‌కు నిక్షేపంగా దరఖాస్తు చేసుకోవచ్చు.

కూచిపూడి, భరతనాట్యం, టెన్నిస్ లాంటివి బయట నేర్చుకునేవాళ్లకు కూడా ఒక మాట. బయటి వ్యాయామ శిక్షణను పీఈ కింద, బయటి కళాశిక్షణను ఫైన్ ఆర్ట్స్ కింద లెక్కించే వెసులుబాటు రాష్ట్ర నిబంధనల్లో ఉంది. ముందుగా అనుమతి ఉన్న కార్యక్రమాలకే అది వర్తిస్తుంది. రంగప్రవేశం అయ్యాక వెళ్లి అడిగితే లాభం లేదు.

ఏ తరగతిలో వేయాలి?

చాలా డిస్ట్రిక్ట్‌లలో హైస్కూలు తరగతిని నిర్ణయించేది క్రెడిట్లే. మనవాళ్లకు మాత్రం "ఏడాది వృథా" అనే భయం బాగా ఎక్కువ. ఆ భయంతో పదో తరగతి అయిన పిల్లని పదకొండులో, ఇంటర్ ఫస్టియర్ అయినవాణ్ణి పన్నెండులో వేయమని పట్టుబడతారు.

పదో తరగతి అయి వచ్చినవాళ్లకు పదకొండే సరైన చోటు, 12 క్రెడిట్లు కాగితం మీద వస్తే. 11లో ఇంగ్లిష్ 3, ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ, యూఎస్ హిస్టరీ, పీఈ, ఫైన్ ఆర్ట్స్, ఎండార్స్‌మెంట్ కోర్సు ఒకటి. 12లో ఇంగ్లిష్ 4, ప్రీక్యాలిక్యులస్, ఫిజిక్స్, గవర్నమెంట్ అరా ఎకనామిక్స్ అరా, మిగిలిన మూడు పీరియడ్లూ ఎండార్స్‌మెంట్‌కి. సరిగ్గా సరిపోతుంది. ఒక్క సబ్జెక్టు తప్పితే మాత్రం వేసవిలో పూడ్చుకోవాలి, అంతకుమించి ఖాళీ లేదు.

క్రెడిట్లు సగమే వస్తే, వయసు 15 దాటకపోతే, పదిలోనే వేయడం మంచిదని నా నమ్మకం. మూడేళ్లు దొరుకుతాయి. యాస అలవాటవుతుంది, స్నేహితులు దొరుకుతారు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి) కోర్సులు తీసుకునే తీరిక ఉంటుంది, సిఫారసు ఉత్తరం రాసే టీచర్‌కు మన పిల్ల ఎవరో తెలుస్తుంది. పదకొండులో చేరిన పిల్ల ఆగస్టులో వస్తే మరుసటి ఏడాది ఆగస్టుకే కాలేజీ దరఖాస్తులు మొదలుపెట్టాలి. ర్యాంకు విషయం కూడా చూసుకోవాలి. ఇండియా మార్కులను జీపీఏలో (గ్రేడ్ల సగటులో) కలపాలా వద్దా, ఆలస్యంగా చేరినవాళ్లకు ర్యాంకు ఎలా ఇవ్వాలి అన్నది డిస్ట్రిక్ట్ డిస్ట్రిక్ట్‌కూ మారుతుంది. టాప్ 10 శాతం మీద ఆశ ఉంటే ఈ ప్రశ్న చేరేముందే అడగాలి.

ఇక్కడ వయసు లెక్క ఇంకోటి ఉంది, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద వచ్చినవాళ్లకు. 21 నిండగానే ఆ స్టేటస్ పోతుంది. 17 ఏళ్ల పిల్లవాణ్ణి పదిలో వేస్తే హైస్కూలు అయ్యేసరికి 20 వస్తుంది, డిగ్రీ మొదలయ్యాక కొద్ది నెలల్లోనే ఎఫ్1 స్టూడెంట్ వీసాకు మారాల్సి వస్తుంది. అలాంటి పిల్లలకు ఏడాది వెనక్కి వేయమని నేను చెప్పను. ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ అయి వచ్చిన 17 ఏళ్లవాడికి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ బలంగా ఉంటాయి, సంస్కృతం సెకండ్ లాంగ్వేజ్‌గా చదివి ఉంటే అదీ భాషా క్రెడిటే కావచ్చు. లోటు పడేవి యూఎస్ హిస్టరీ, గవర్నమెంట్, ఇంగ్లిష్, పీఈ, ఫైన్ ఆర్ట్స్. ఒక ఏడాదిలో అవన్నీ చేయడం గట్టి పనే. వేసవి తరగతులు, క్రెడిట్ బై ఎగ్జామ్, ఆన్‌లైన్ కోర్సులు కలిపితే తప్ప కుదరదు.

వీసా ఏదైనా సరే పబ్లిక్ స్కూలు తలుపు తెరిచే ఉంటుంది. వలస స్థితిని చూపి పిల్లలకు బడి నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది టెక్సస్ నుంచే వెళ్లిన కేసు. 21 ఏళ్లలోపు వారికి చదువుకునే హక్కుంది, 26 ఏళ్లలోపువారిని డిప్లొమా పూర్తిచేయడానికి చేర్చుకునే అధికారం డిస్ట్రిక్ట్‌లకు ఉంది. "మా అబ్బాయికి 18 దాటింది, తీసుకోరేమో" అని ఇంట్లో కూర్చోబెట్టొద్దు.

పరీక్షలు, హాజరు, చిన్నచిన్న షరతులు

క్రెడిట్లతోపాటు స్టార్ ఎండ్ ఆఫ్ కోర్స్ అని, కోర్సు చివర రాష్ట్రం పెట్టే పరీక్షలు ఐదు: ఆల్జీబ్రా 1, బయాలజీ, ఇంగ్లిష్ 1, ఇంగ్లిష్ 2, యూఎస్ హిస్టరీ. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇందులో పెద్ద ఊరట ఉంది. టెక్సస్ పబ్లిక్ స్కూల్లో చేరకముందే ఆ కోర్సు చదివి, దానికి డిస్ట్రిక్ట్ క్రెడిట్ ఇస్తే ఆ పరీక్ష రాయక్కర్లేదు. ఇండియా మ్యాథ్స్‌ను ఆల్జీబ్రా 1గా, సైన్స్‌లో ఒకదాన్ని బయాలజీగా, ఇంగ్లిష్‌ను ఇంగ్లిష్ 1, 2గా ఒప్పుకుంటే పిల్లకు మిగిలేది యూఎస్ హిస్టరీ ఒక్కటే. కోర్సు పేరుతో సహా కాగితం తీసుకోమన్నది ఇందుకే. "ఎలెక్టివ్ మ్యాథ్" అని రాసి క్రెడిట్ ఇచ్చారంటే క్రెడిట్ వచ్చినట్టే ఉంటుంది, పరీక్ష మాత్రం నెత్తిన మిగులుతుంది.

ఐదింటిలో రెండు వరకు పోయినవాళ్లకు ఇండివిడ్యువల్ గ్రాడ్యుయేషన్ కమిటీ అని ఒక మార్గం 2015 నుంచి ఉంది. ప్రాజెక్టులు, అదనపు చదువు చూసి కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంటే డిప్లొమా ఇస్తారు.

హాజరు దగ్గర మాత్రం మన కుటుంబాలు దెబ్బతింటాయి. కోర్సు నడిచిన రోజుల్లో 90 శాతం రాకపోతే మార్కులు ఎంత బాగున్నా క్రెడిట్ ఆగిపోవచ్చు. డిసెంబరు సెలవులకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు కలిపి పెద్దన్నయ్య పెళ్లికి వెళ్తే సెమిస్టర్‌లో ఆ హద్దు దాటిపోతుంది. 75 శాతానికి పైన ఉంటే ప్రిన్సిపల్ ఆమోదించిన ప్రణాళికతో పూడ్చుకోవచ్చు, ఇంకా తగ్గితే అటెండెన్స్ కమిటీ ముందుకు వెళ్లాలి. పన్నెండో తరగతిలో ఇండియా ప్రయాణం వేసవికే పెట్టుకోండి.

2021-22 నుంచి ఇంకో షరతు చేరింది. సీనియర్లు (పన్నెండో తరగతివాళ్లు) కాలేజీ చదువుకు ఆర్థిక సహాయ దరఖాస్తు, అంటే ఫెడరల్ ప్రభుత్వపు ఫాఫ్సా గానీ టెక్సస్ రాష్ట్రపు టాస్ఫా గానీ, సమర్పించాలి. లేదా వద్దని సంతకం చేసివ్వాలి. హెచ్4 పిల్లలకు ఫెడరల్ సహాయం రాదు, కాబట్టి చాలామందికి తల్లిదండ్రులు ఆ వద్దన్న ఫారం మీద సంతకం పెడితే సరిపోతుంది. కాకపోతే అది ఇవ్వకుండా మరిచిపోతే గ్రాడ్యుయేషన్ చెక్‌లిస్టులో గడి ఖాళీగా ఉంటుంది. సంతకం పెట్టేముందు టాస్ఫాకు అర్హత ఉందేమో అడగండి, హెచ్4 వాళ్లు టెక్సస్ నివాసులుగా ట్యూషన్ ఫీజు కట్టే అవకాశం రాష్ట్ర నిబంధనల్లో ఉంది. సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ కూడా ఏడు నుంచి పన్నెండు లోపల ఎప్పుడో ఒకసారి జరగాలి. మధ్యలో వచ్చిన పిల్లలకు అది తప్పిపోతుంది, గుర్తుచేయండి.

బడికి వెళ్లని దారులు

యూటీ ఆస్టిన్, టెక్సస్ టెక్ యూనివర్సిటీ రెండూ ఆన్‌లైన్ హైస్కూళ్లు నడుపుతున్నాయి, వాటి డిప్లొమా నిజమైన టెక్సస్ డిప్లొమానే. ఫీజు ఉందేమో ముందే అడగండి. వయసు ఎక్కువై క్లాసులో కూర్చోవడానికి నామోషీ పడేవాళ్లకు, ఒకటి రెండు క్రెడిట్ల కోసం చూసేవాళ్లకు పనికొస్తాయి. పదహారేళ్లకు కొత్త దేశం వచ్చిన పిల్లవాణ్ణి గదిలో లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టడం నాకిష్టం లేదు, వాడికి చదువుతో సమానంగా మనుషులు కావాలి.

హోమ్‌స్కూలును టెక్సస్ ప్రైవేటు స్కూలు కింద లెక్కిస్తుంది, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని స్థిరపరిచింది. డిప్లొమా తల్లిదండ్రులే ఇస్తారు. దాని నుంచి మళ్లీ పబ్లిక్ స్కూలుకు రావాలంటే క్రెడిట్ల కోసం మొదటికి వస్తుంది కథ.

జీఈడీ 1942లో యుద్ధంలోకి వెళ్లిన సైనికుల కోసం మొదలైంది. భాష, మ్యాథ్స్, సైన్స్, సోషల్ నాలుగు పరీక్షలు, ఒక్కోదానిలో 145 వస్తే పాస్. టెక్సస్‌లో 18 ఏళ్లు ఉండాలి, 17కు తల్లిదండ్రుల అనుమతి చాలు. పాసైతే వచ్చేది సమానత్వ సర్టిఫికెట్, డిప్లొమా కాదు. మన ఎంపీసీ కుర్రవాడు నెల చదివితే పాసవుతాడు, అందుకే ఆశ పుడుతుంది. కాని ర్యాంకు రాదు, జీపీఏ ఉండదు, టీచర్ల ఉత్తరాలు ఉండవు, డిస్టింగ్విష్డ్ లెవెల్ మాటే లేదు. రేపు ఇండియా తిరిగి వెళ్లి అక్కడ కోర్సులో చేరాలంటే అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్ సమానత్వ పత్రం అడుగుతారు, జీఈడీ మీద అది ఇస్తారో లేదో ముందే లిఖితంగా అడిగి తెలుసుకోవాలి. 22 ఏళ్లు దాటి ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు, చదువు ఆగిపోయిన గృహిణులకు జీఈడీ చక్కటి అవకాశం. 17 ఏళ్లవాడికి కాదు.

వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లు ఈ అంకెలు పక్కనపెట్టి అదే ప్రశ్న వేసుకోండి: డిప్లొమాకు కావాల్సిందెంత, యూనివర్సిటీకి కావాల్సిందెంత? న్యూజెర్సీలో 120 క్రెడిట్లు, వాళ్ల కొలతే వేరు. క్యాలిఫోర్నియాలో రాష్ట్రం కోరే కనీసం 13 ఏడాది కోర్సులు, యూనివర్సిటీ ఆఫ్ క్యాలిఫోర్నియా ఏ-జీ జాబితా 15, అదీ సీ గ్రేడుకు తగ్గకుండా. డిప్లొమా చేతికొచ్చినా యూసీకి అర్హత లేని పిల్లలు అక్కడ చాలామందే ఉంటారు.

వేదిక ఎక్కడం

డిప్లొమా రాష్ట్ర చట్టం ప్రకారం వస్తుంది, గౌను వేసుకుని వేదిక మీద నడవడం డిస్ట్రిక్ట్ పాలసీ. రెండూ వేర్వేరు. ఎక్కువచోట్ల క్రెడిట్లు, పరీక్షలు అన్నీ పూర్తయినవాళ్లనే నడవనిస్తారు. కొన్నిచోట్ల కొద్దిలో తప్పినవాళ్లను కూడా ఒప్పుకుని, వేసవిలో పూర్తిచేశాక డిప్లొమా ఇస్తారు. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకు మాత్రం చట్టమే అండగా ఉంది. నాలుగేళ్లు హైస్కూలు పూర్తిచేసి, వాళ్ల ఐఈపీ (ఆ పిల్లలకు విడిగా రాసే చదువు ప్రణాళిక) ఇంకా మిగిలి ఉన్నా, హాజరు సర్టిఫికెట్‌తో తోటివాళ్లతో కలిసి నడిచే హక్కు ఉంది. నడిచినంత మాత్రాన వాళ్ల చదువు హక్కు ముగియదు. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు మనలో ఎందరో "మావాణ్ణి పిలవరులే" అని ముందే సర్దుకుంటారు. పిలుస్తారు, పిలవాలి.

డిసెంబరులో పూర్తిచేసినవాళ్లు, మూడేళ్లకే ముగించేవాళ్లు మే వేడుకలో నడవాలంటే ముందే పేరు ఇవ్వాలి. ర్యాంకు ఏ బ్యాచ్‌తో లెక్కిస్తారో కూడా అప్పుడే అడగండి.

స్కూలు బాకీలు, లైబ్రరీ పుస్తకాలు, లాప్‌టాప్ ఏప్రిల్‌లోనే తేల్చేయండి. కంచి పట్టు కండువా గౌను మీద వేసుకోవాలని పిల్ల అనుకుంటే దుస్తుల నియమం చూసి ప్రిన్సిపల్‌కు ముందుగా మెయిల్ పెట్టండి, ఆ రోజు గేటు దగ్గర వాదించే పని ఉండకూడదు. వేడుక సాధారణంగా మే చివర్లో, పెద్ద స్కూళ్లకు ఫ్రిస్కోలోని ఫోర్డ్ సెంటర్ లాంటి చోట్ల జరుగుతుంది, సీట్లకు టికెట్ల పరిమితి ఉండొచ్చు. అమ్మమ్మ, తాతయ్య రావాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో బీ2 విజిటర్ వీసా అపాయింట్‌మెంట్ ముందు ఏడాదే వెతకడం మొదలుపెట్టాలి.

వేదిక మీద చేతికిచ్చేది తరచూ ఖాళీ ఫోల్డరే. అసలు డిప్లొమా తర్వాత ఇస్తారు. జూన్‌లో స్కూలు ఆఫీసు సెలవులకు మూసేలోపు తుది ట్రాన్స్‌క్రిప్ట్ సీలు వేసిన కాపీలు నాలుగైదు తీసుకోండి, అందులో డిస్టింగ్విష్డ్ లెవెల్, ఎండార్స్‌మెంట్ పేరు రెండూ కనబడుతున్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఇండియాలో వాడే అవసరం ఉంటే ఒక కాపీని నోటరీ చేయించి ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ఇచ్చే ధ్రువీకరణ) తెప్పించి పెట్టుకోండి.